కిరాయి గదికి తనిఖీ అడిగితే: మా నగర పరిషత్తు సేవపై ఒక సమీక్ష

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఒక చిన్న పట్టణంలో తొమ్మిదేళ్లుగా కిరాయికి ఉంటున్నాను. ఊరి పేరు రాయడం లేదు, ఎందుకంటే అది రాస్తే కార్యాలయంలో పనిచేసే ఇద్దరు ముగ్గురు మనుషులను వేలెత్తి చూపినట్టే అవుతుంది. మావి ఒకే వరుసలో కట్టిన నాలుగు గదులు. వెనుక అందరికీ కలిపి ఒక మరుగుదొడ్డి ఉంది, ఒక్కో గదికి కిరాయి నెలకు 3,500 రూపాయలు, నాలుగింటిలోనూ తెలుగు కుటుంబాలే. పోయిన వానాకాలంలో ఒక రాత్రి మా గది స్లాబు నుంచి పెచ్చులు ఊడి పిల్లవాడి చదువుబల్ల మీద పడ్డాయి. యజమానికి మూడుసార్లు చెప్పి విసిగిన తరువాత నగర పరిషత్తుకు, అంటే మా ఊరి మునిసిపాలిటీకి వెళ్లాను. ఆ తరువాత ఆ కార్యాలయం నుంచి అందినదేమిటో, అందనిదేమిటో ఇక్కడ రాస్తున్నాను.

మొదటిసారి నోటితో చెప్పి వచ్చాను. మూడు వారాలు గడిచినా ఎవరూ రాలేదు. రెండోసారి వెళ్లినప్పుడు ఆవక్-జావక్ (వచ్చే పోయే కాగితాలు నమోదు చేసే) బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తా, ఆయనా తెలుగువాడే, అసలు సంగతి చెప్పాడు: "అన్నా, మాట చెప్పి పోతే ఎవలకు గుర్తుంటది? మరాఠీల అర్జీ రాసి తెండ్రి, పోచ్ తీసుకోండ్రి." పోచ్ అంటే అర్జీ అందినట్టు ఇచ్చే రసీదు. మా వరుసలో పెద్దవాళ్లెవరికీ మరాఠీ రాయడం రాదు. పక్క గది అవ్వ మనవరాలు మరాఠీ బడిలో తొమ్మిదో తరగతి చదువుతోంది, ఆ పిల్లే ముఖ్యాధికారి పేరున అర్జీ రాసిపెట్టింది. గుమాస్తా దాని రెండో ప్రతి మీద తేదీ ముద్ర గుద్ది, పక్కన పెన్సిలుతో నంబరు వేసి ఇచ్చాడు. ఆ నంబరు పడిన తరువాతే మా గది ఉందని ఆఫీసుకు తెలిసింది. సగానికి సగం తెలుగు మాట్లాడే ఊళ్లో మరాఠీ తెలుగు రెండింటిలోనూ అచ్చేసిన ఫిర్యాదు పత్రం ఒకటి ఆ బల్ల మీద ఉంచితే ఖర్చు ఎంతవుతుంది?

అర్జీ ఇచ్చిన పదకొండో రోజున జూనియర్ ఇంజినీరు వచ్చారు. వచ్చాక చేసిన పనిలో మాత్రం తప్పు పట్టడానికి లేదు. చిన్న సుత్తితో స్లాబును మూల నుంచి మూలకు తడుతూ పోయారు. గట్టిగా ఉన్నచోట టక్కుమంది, ఫ్యాను కొక్కెం చుట్టూ డొల్ల చప్పుడు వచ్చింది. అక్కడ ఒక పెచ్చు లాగి, లోపలి చువ్వ తుప్పు పట్టి పొరలు పొరలుగా విడిపోవడాన్ని నాకు వేలితో చూపించి, ఫ్యాను వెంటనే దించమని, మంచాన్ని గోడవైపు జరపమని చెప్పారు. మరుగుదొడ్డి గొట్టం పగిలి మురుగు గోడ పునాదిలోకి ఇంకుతున్న సంగతి నేను అర్జీలో రాయనే లేదు, దాన్నీ ఆయనే కనిపెట్టి పంచనామాలో రాసుకున్నారు. 1965 నాటి నగర పరిషత్తుల చట్టం కింద ప్రమాదకరంగా ఉన్న కట్టడాల విషయంలో యజమానికి ఆదేశాలిచ్చే అధికారం నగర పరిషత్తుకు ఉంది. ఆ ప్రకారం నోటీసు కూడా వెళ్లింది.

అయితే ఒక విషయం నాకు మింగుడుపడదు. అంతకు రెండేళ్ల ముందు ఇదే కార్యాలయం మనుషులు ఘర్‌పట్టీ (ఇంటి పన్ను) మదింపు కోసం ఇదే గదికి వచ్చారు. టేపు పట్టి పొడవు, వెడల్పు కొలిచారు, కిరాయి ఎంతని అడిగారు, భోగవట్‌దారు (ఇంట్లో ఉంటున్నవారు) గడిలో నా పేరు రాసుకున్నారు. ఆ రోజు కూడా స్లాబు మీద చెమ్మ మరక చాపంత ఉంది. టేపు నేల మీద తిరిగింది గానీ తల ఎత్తి చూసినవారు లేరు. పన్ను కోసం ప్రతి కిరాయి గదికీ ఎలాగూ మనిషి వెళ్తున్నప్పుడు, ఆ కాగితంలోనే పైకప్పు, గొట్టాలు, మరుగుదొడ్డి స్థితి రాసుకోవడానికి ఇంకో గడి చేర్చితే నాలాంటివారు పెచ్చు పడేదాకా ఆగనక్కరలేదు. కిరాయికి వచ్చేవాడి ఆధార్ నకలు పోలీసు ఠాణాకు వారంలో చేరుతుంది, కిరాయికి ఇచ్చే గది నిలుస్తుందో లేదో అడిగే కాగితమే లేదు.

నోటీసు అందిన మరునాడే యజమాని నీళ్ల మోటారు గదికి తాళం వేశాడు. దానికీ నగర పరిషత్తుకే పరుగెత్తాను, అది తమ పని కాదన్నారు. చట్టప్రకారం ఆ మాట నిజమే. 2000 మార్చి 31 నుంచి అమలులో ఉన్న మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం దాని అనుసూచీల్లోని (షెడ్యూళ్లలోని) ప్రాంతాలకు వర్తిస్తుంది, మా ఊరు వాటిలో ఉంది. సరైన కారణం లేకుండా నీళ్లు, కరెంటు వంటివి యజమాని ఆపకూడదని అందులో ఉంది, కానీ దానికి వెళ్లవలసింది కోర్టుకు. ఈ ఒక్క ముక్క మొదటి రోజే చెప్పి ఉంటే నాకు రెండు రోజుల కూలి మిగిలేది. చివరికి వకీలు చేత ఒక ఉత్తరం రాయిస్తే తాళం తీశాడు.

అదే చట్టంలో మాకు ఎక్కువ పనికొచ్చింది మరమ్మతుల నిబంధన. యజమానికి పదిహేను రోజులకు తక్కువ కాకుండా గడువిచ్చి నోటీసు పంపి, అప్పటికీ చేయించకపోతే కిరాయిదారులే చేయించుకుని ఆ ఖర్చును కిరాయిలో మినహాయించుకోవచ్చు, అది ఏడాది కిరాయిలో నాలుగోవంతు దాటకూడదు. మా ఏడాది కిరాయి 42,000, అంటే ఒక్కొక్కరికి 10,500 వరకు. పగిలిన గొట్టానికి 6,400 రూపాయలైంది, నలుగురం తలా 1,600 వేసుకుని మినహాయించుకున్నాం. యజమాని గొణిగాడు గానీ బిల్లులు, ఇంజినీరు పంచనామా చూశాక కాదనలేదు.

పదకొండు నెలల నోటరీ కాగితం ఉంటే రిజిస్ట్రేషన్ అక్కరలేదని ఇక్కడ అందరూ నమ్ముతారు, నేనూ నమ్మాను. ఈ చట్టం ప్రకారం కిరాయి ఒప్పందం ఎన్ని నెలలదైనా రాతపూర్వకంగా ఉండి రిజిస్టర్ కావాలి, ఆ బాధ్యత యజమానిది. చేయించకపోతే షరతుల విషయంలో, వేరే రుజువు వచ్చేదాకా, కిరాయిదారు చెప్పిందే చెల్లుతుంది. యజమానికి మూడు నెలల వరకు జైలు, ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఐదింటికి రెండున్నర ఇస్తాను. ఆ రెండున్నరలో రెండు ఇంజినీరువి, అర గుమాస్తాది. స్లాబు సంగతి ఇంకా తేలలేదు, నోటీసు గడువు దాటి నాలుగు నెలలైంది. గది ఖాళీ చేయించి పని మొదలుపెడతానంటున్న యజమాని, తిరిగి ఇస్తానని కాగితం రాయడానికి ఒప్పుకోవడం లేదు. తదుపరి చర్య ఏమిటో తెలుసుకోవడానికి పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను, ముప్పై రోజుల గడువు వచ్చే సోమవారంతో ముగుస్తుంది. అంతదాకా ఫ్యాను కొక్కెం కింద రెండు నీలగిరి కట్టెలు నిలబెట్టుకుని, వాటి మధ్యలోంచి వంటింట్లోకి పోతున్నాం.