తాడు ఒకటే, క్లౌన్లు ఇద్దరు: నిరాశను నవ్విస్తూ చూపడానికి ఏది మేలు?

చచ్చిపోదామనుకునే మనిషిని చూపించి జనాన్ని నవ్వించడం మామూలు విషయం కాదు. ఈ పని చేసిన రెండు ప్రదర్శనల్లోనూ తాడే ఉంది.

రష్యన్ క్లౌన్ స్లావా పొలూనిన్ 1993లో మొదలుపెట్టిన 'స్నోషో'లో పసుపు బట్టలు, ఎర్రముక్కు ఉన్న క్లౌన్ చావాలని తాడు లాక్కుంటూ వస్తాడు. లాగగా లాగగా అటు కొసన ఇంకో క్లౌన్ తేలతాడు. వాడిదీ అదే ఆలోచన! మరోచోట, వేలాడుతున్న కోటు చేతిలో తన చెయ్యి దూర్చి, తనను తానే కౌగిలించుకుని వీడ్కోలు చెప్పుకుంటాడు. మాటలుండవు కాబట్టి పిల్లలకూ అర్థమవుతుంది. కానీ చివర్లో హాలంతా కమ్మేసే మంచు తుఫాను ఎంత అందంగా ఉంటుందంటే, అప్పటిదాకా పడిన బాధ కూడా తియ్యగా అనిపిస్తుంది. నా ఫిర్యాదు అదే.

ఐరిష్ రచయిత శామ్యూల్ బెకెట్ నాటకం 'వెయిటింగ్ ఫర్ గోడో'లో ఇద్దరు గోడో అనేవాడి కోసం ఎదురుచూస్తుంటారు. ఇక్కడ ఎర్రముక్కులు లేవు. టోపీలు, బిగుతు బూట్లు, ఒక చెట్టు, అంతే. చివర్లో ఉరి వేసుకోవడానికి ఆ ఇద్దరిలో ఒకడైన ఎస్ట్రగాన్ తన ప్యాంటుకు కట్టుకున్న తాడు విప్పుతాడు. ప్యాంటు జారిపోతుంది. గట్టిదో కాదో చూద్దామని ఇద్దరూ లాగితే తాడు తెగుతుంది. 1953 జనవరిలో పారిస్‌లో తొలి ప్రదర్శనలప్పుడు ఆ పాత్రధారి మొహమాటపడి ప్యాంటును పూర్తిగా జారనివ్వలేదు. బెకెట్ ఊరుకోలేదు. అది చీలమండల దాకా పడాల్సిందేనని దర్శకుడు రోజే బ్లాఁకు ఉత్తరం రాశాడు. చాదస్తం అనిపించొచ్చు కానీ, సగం జారితే అది జోకు మాత్రమే. పూర్తిగా పడితే, చావు గురించి మాట్లాడుతున్న మనిషి కాళ్లు బయటపెట్టుకుని నిలబడి ఉంటాడు, ఆ సంగతి అతనికే పట్టదు. మనకు నవ్వొస్తుంది, ఆ వెంటనే ఎందుకు నవ్వామా అనిపిస్తుంది.

నా ఓటు ప్యాంటుకే. ఖర్చూ తక్కువ.

ఫ్రెంచ్ నటనా గురువు జాక్ లెకాక్ పారిస్‌లోని తన నాటక బడిలో నేర్పిన బుఫాన్ అనే వెక్కిరించే పాత్ర మూడో దారి. క్లౌన్‌ను చూసి మనం నవ్వుతాం, గూనీ బొజ్జా పెట్టుకున్న బుఫాన్ మాత్రం మనల్ని చూసి నవ్వుతాడు. పదునైనదే, కానీ కొత్త బృందాలు దీంతో మొదలుపెట్టకపోతేనే నయం. పట్టు తప్పితే ఆ వెక్కిరింత బాధలో ఉన్నవాడికే తగులుతుంది.