వరంగల్–వేములవాడ ఎక్స్‌ప్రెస్: కోడిపుంజు వార్తకు నవ్వి వదిలేసే ముందు ఇది చదవండి

కరీంనగర్‌లో పని చూసుకుని పొద్దుగూకేసరికి ఇంటికి చేరాలన్నా, వేములవాడ రాజన్న గుడికి దర్శనానికి పోవాలన్నా నేను ఎక్కేది ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్సే. హన్మకొండ బస్టాండు నుంచి హసన్‌పర్తి, ఎల్కతుర్తి, హుజూరాబాద్, మానకొండూరు మీదుగా కరీంనగర్ దాదాపు 70 కిలోమీటర్లు, అక్కడి నుంచి వేములవాడ ఇంకో ముప్పై పైచిలుకు. నా రేటింగు 5కి 4. ఆ తగ్గిన ఒక్కటి డ్రైవరు, కండక్టర్ల వల్ల తగ్గింది కాదు, ఎందుకో కింద రాస్తాను.

ఈ రూటు పేరు అందరి నోళ్లలో నానింది మాత్రం ఒక కోడిపుంజు వల్ల. 2024 జనవరిలో వరంగల్ నుంచి వేములవాడ పోయే బస్సులో ఎవరో సంచిలో పుంజును పెట్టుకుని వచ్చి, దిగేటప్పుడు మర్చిపోయారు. కరీంనగర్ 2 డిపో వాళ్లు దాన్ని తీసుకెళ్లి కాపాడి, సొంతదారు రాకపోయేసరికి వేలం వేస్తామని ప్రకటించారు. అప్పుడు నెల్లూరు జిల్లా నుంచి బతుకుదెరువుకు వచ్చి సిరిసిల్ల వైపు పని చేసుకుంటున్న ఒకాయన ఆ పుంజు నాదే అని ముందుకొచ్చాడు, వేలం ఆగింది. జనం నవ్వారు, టీవీల వాళ్లు డిపో దగ్గరికి కెమెరాలు పట్టుకుని పోయారు. నాకు ఆ వార్తలో నచ్చింది వేరే. సంక్రాంతి ముందు రోజులు, ఎవరూ అడగని పుంజు, డిపో నిండా మనుషులు. ఎవరో ఒకరు ఇంటికి పట్టుకుపోయి కూర వండుకుంటే అడిగేవాడెవడు? అట్లా జరగలేదు. మర్చిపోయిన సంచికి ఏ పద్ధతో కోడికీ అదే పద్ధతి పాటించారు. నా సామాను పోతే ఇలాంటి వాళ్ల చేతిలో పడాలనే కోరుకుంటాను.

అంతకు రెండేళ్ల ముందు, 2022 ఫిబ్రవరిలో, పెద్దపల్లి నుంచి కరీంనగర్ వచ్చే బస్సులో గుడ్డ చాటున దాచిన పుంజుకు కండక్టర్ 30 రూపాయల టికెట్ కొట్టిన వీడియో కూడా చాలామంది చూసే ఉంటారు. తర్వాత అధికారులు చెప్పిందేమిటంటే, అసలు బస్సులో జీవాలను ఎక్కించుకోవడమే నిబంధనకు విరుద్ధం, టికెట్ కొట్టడం కాదు దింపేయాలి అని. ఈ విషయంలో నేను నిబంధన వైపే ఉన్నాను, కిక్కిరిసిన బస్సులో పసిపిల్లల కాళ్ల దగ్గర కోడి ఉండకూడదు, దాని ప్రాణానికీ అది మంచిది కాదు. కానీ మన దగ్గర కోడి లేకుండా మొక్కు తీరని ఇళ్లు ఎన్ని, అందులో ఆటో మాట్లాడుకునే స్తోమత లేనివాళ్లు ఎంతమంది! వాళ్లను సగం దారిలో దింపమంటే ఏ కండక్టరుకైనా మనసొప్పదు. ఎక్కకముందే తెలిసేలా ప్రతి బస్టాండులో, పల్లెల్లో బస్సు ఆగే చోట పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టాలి, మైకులో చెప్పాలి. అంత చేస్తే సగం గొడవ ఉండదు.

ఇక ఉచిత ప్రయాణం. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్లకు ఛార్జీ లేదు, జీరో టికెట్ ఇస్తారు. ఒకసారి హుజూరాబాద్‌లో ఒక అవ్వ ఎక్కింది. కొంగు ముడి విప్పి, ప్లాస్టిక్ కవర్లో నాలుగు మడతలు పెట్టిన ఆధార్ తీసింది. అడ్రసు కింద ఇంకా ఆంధ్రప్రదేశ్ అనే ఉంది, పాత కార్డు. కండక్టరమ్మ కార్డు చూసి, "అవ్వా, ఇది మార్పించుకోవాలె, మీసేవల చేస్తరు, మీ మనుమనికి చెప్పు" అంది. "మనుమడు హైద్రాబాద్‌ల ఉంటడు బిడ్డా, నేనొక్కదాన్నే." ఇంకో మాట లేకుండా టికెట్ కొట్టి చేతిలో పెట్టి, అది పారెయ్యొద్దని చెప్పింది. అక్కడ కూర్చున్న ఒకాయన పైసల్లేని టికెట్‌కు కాగితం దండగ అన్నాడు. దండగ కాదు. ఆ జీరో టికెట్ల లెక్క మీదే ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు కట్టేది, అది తీసుకోకుండా దిగితే సంస్థకు రావాల్సింది పోతుంది. కాబట్టి అమ్మలూ, అక్కలూ, కండక్టరు రద్దీలో మిమ్మల్ని దాటిపోయినా అడిగి తీసుకోండి.

తగ్గించిన ఆ ఒక్కటి మన ప్రయాణికుల వల్ల. బస్సు బస్టాండులోకి తిరుగుతుంటేనే పరుగెత్తి కిటికీలోంచి కర్చీఫ్ వేయడం, తువ్వాల వేయడం, పుస్తకాల బ్యాగు పడేయడం. తర్వాత తీరిగ్గా చాయ్ తాగి వచ్చి, చంకలో పిల్లతో కూర్చున్న ఆమెను లేవమనడం! ఒకసారి ఇట్లాగే ఒక తమ్ముడు వాదనకు దిగితే కండక్టర్, "నీ కర్చీఫ్‌కు టికెట్ తీస్కున్నవా అన్నా? లేదు కదా, అయితె ఆమె కూసుంటది" అన్నాడు. బస్సులో ఒక్కరు కూడా ఆ తమ్ముడి వైపు మాట్లాడలేదు. ప్రతి కండక్టరూ ఇంత గట్టిగా ఉంటే ఈ అలవాటు ఏడాదిలో పోతుంది.

సీటు కోసం ఆడవాళ్లు జుట్లు పట్టుకున్న వీడియోలు వస్తే ఫార్వర్డ్ చేసి "ఉచితం ఇస్తే ఇంతే" అని రాసేవాళ్ల మీద నాకు నిజంగా కోపం వస్తుంది. సీటు కోసం మగవాళ్లు కొట్టుకోలేదా ఎప్పుడూ? అప్పుడు టికెట్ ధర గురించి ఎవరూ మాట్లాడలేదే. ఎక్కేవాళ్లు పెరిగారు, ఆ లెక్కన బస్సులు పెరగలేదు, గొడవంతా అక్కడే ఉంది. కూలికి పోయే ఆమెకు రోజుకు రానూ పోనూ మిగిలే ఛార్జీ పిల్లల ఫీజుకో, మందులకో పోతోంది. దాన్ని ఎగతాళి చేసే బదులు పొద్దున 8 నుంచి 10 వరకు, సాయంత్రం కాలేజీలు వదిలే వేళ ఇంకో రెండు ట్రిప్పులు వేయమని డిపోకు అర్జీ పెడదాం, సంతకం నాది ముందు ఉంటుంది. ఛార్జీ పెట్టి ఎక్కి నిలబడే మగవాళ్ల కష్టం కూడా నిజమే, దానికీ మందు బస్సులు పెంచడమే.

ఇదే కరీంనగర్ బస్టాండులో 2024 జూన్‌లో, ఒడిశా నుంచి వలస వచ్చిన కూలీ మనిషికి నొప్పులు మొదలైతే, ఆర్టీసీ ఆడ సిబ్బంది చీరలు అడ్డం పట్టి కాన్పు చేశారు. ఆడపిల్ల. సంస్థ ఆ బిడ్డకు జీవితాంతం ఉచితంగా తిరిగే పాస్ ఇచ్చింది. పుంజు వార్తను పంపినంత మంది ఈ వార్తను పంపలేదు, అదే నా బాధ.

పోయేవాళ్లకు పనికొచ్చే మాటలు: ఆడవాళ్లు ఆధార్ ఒరిజినల్ వెంట పెట్టుకోండి, ఫోన్లో ఫోటో చూపిస్తే ఒప్పుకోరు. చిల్లర ఉంచుకోండి, లేకపోతే కండక్టరు టికెట్ వెనక రాసిచ్చిన బాకీ దిగేముందు గుర్తుచేయండి. సోమవారాలు, శివరాత్రి జాతర రోజుల్లో వేములవాడకైతే హన్మకొండ బస్టాండులోనే ఎక్కండి, ఎల్కతుర్తిలోనో హుజూరాబాద్‌లోనో ఎక్కుదామనుకుంటే నిలబడే పోవాల్సి వస్తుంది.