మౌంట్ క్యూబా సెంటర్: ఏప్రిల్‌లో అయితే అయిదు స్టార్లు, ఆగస్టు సంగతి నన్నడక్కండి

ఫిలడెల్ఫియా చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకి తోట అంటే లాంగ్‌వుడ్ గార్డెన్సే. ఇండియా నుంచి చుట్టాలొచ్చినా అక్కడికే, పిల్లల ఫొటోలకీ అక్కడికే. అక్కణ్ణించి కారులో ఇంకో ఇరవై నిమిషాలు పోతే డెలవేర్‌లోని హాకెసిన్ దగ్గర మౌంట్ క్యూబా సెంటర్ అనే ఇంకో తోట ఉంది. టికెట్ కూడా లాంగ్‌వుడ్ కంటే బాగా తక్కువ. ఫౌంటెన్లూ లైట్ల షోలూ కావాలనుకునేవాళ్ళు ఈ రివ్యూ ఇక్కడే ఆపేయొచ్చు. ఇక్కడ చూడాల్సిన అడవి పువ్వులన్నీ పెద్ద చెట్ల కింద, మోకాలి ఎత్తులోపే ఉంటాయి. అదీ ఏప్రిల్ రెండో సగం నుంచి మే మొదటి రోజుల దాకా.

ఇది ఒకప్పుడు డ్యూపాంట్ కుటుంబానికి చెందిన కోప్‌లాండ్ దంపతుల ఇల్లు. 1935లో కట్టడం మొదలుపెట్టారు. ఆ ఇంటాయన కొన్నేళ్ళకి రసాయనాలు తయారుచేసే డ్యూపాంట్ కంపెనీకి ప్రెసిడెంట్ కూడా అయ్యారు. అంత డబ్బున్నవాళ్ళు ఎక్కడెక్కడి మొక్కలో తెప్పించుకోకుండా, తమ చుట్టూ ఉన్న అపలాచియన్ కొండల అడవి మొక్కల మీద మనసు పెట్టడం నాకు నచ్చింది. 2013 నుంచి మామూలు జనానికీ టికెట్ మీద తెరిచారు. ఇంటి ముందు గీత గీసినట్టు తీర్చిదిద్దిన తోట బాగానే ఉంటుంది గానీ, దాన్ని గబగబా దాటేసి అడవి దారి పట్టండి.

నేను ఈసారి మా నాన్నని తీసుకెళ్ళాను. మాది కడియపులంక. నాన్న జీవితమంతా నర్సరీలోనే గడిచింది: గులాబీ అంట్లు, క్రోటన్లు, మందారాలు, కవర్లలో కట్టి లారీల్లోకి ఎక్కించడం. ఆయన ఏ తోటకెళ్ళినా ముందు పువ్వు చూడరు. వంగి మొదలు చూస్తారు, మట్టి నలిపి చూస్తారు.

ట్రిల్లియం అనే అడవి పువ్వు దగ్గర మాత్రం ఆగిపోయారు. గ్రాండిఫ్లోరమ్ అనే రకం అది. వాలంతా తెల్లగా పూసి ఉంది. ఒక్కో కాడకి మూడే ఆకులు, వాటి మీద మూడు ఆకుపచ్చ రక్షక పత్రాలు, మూడు తెల్లటి రేకులు. రేకుల అంచు కాస్త అలలుగా ఉంటుంది, దగ్గరగా చూస్తే లోతైన ఈనెలు కనిపిస్తాయి. కొన్ని పువ్వులు గులాబీ రంగులో ఉంటే ఇది వేరే రకమా అని అడిగారు నాన్న. కాదు, అదే పువ్వు ముదిరేకొద్దీ ఆ రంగుకి తిరుగుతుంది. ఒహాయో రాష్ట్ర అడవి పువ్వు ఇదే, సరిహద్దుకి అవతల కెనడాలో ఒంటారియో ప్రాంతపు చిహ్నమూ ఇదే.

"అందంగానే ఉందిగానీ, దీన్నెలా చేస్తారమ్మా? కొమ్మా, అంటా?" అన్నారు.

"విత్తనమే నాన్నా. పువ్వు రావడానికి ఏడేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే."

ఏడేళ్ళు అనేసరికి ఆయన మొహం చూడాలి! విత్తనం పడ్డాక మొదటి ఏడాది నేలలోపల వేరు మాత్రమే వేస్తుంది. మరుసటి వసంతానికి గానీ పైకి మొలక కనిపించదు. తర్వాత కొన్నేళ్ళు ఒంటి ఆకు, ఆ తర్వాత మూడాకులు, ఆ పైన ఎప్పుడో పువ్వు. విత్తనాన్ని మోసే పని చీమలది. విత్తనం చివర కొవ్వుతో నిండిన చిన్న బొడిపె ఉంటుంది. చీమలు దానికోసం విత్తనాన్ని పుట్టలోకి లాక్కెళ్ళి, బొడిపె తినేసి, మిగిలింది తమ చెత్తలో పారేస్తాయి. అక్కడ మొలుస్తుంది. అందుకే దయచేసి పిల్లల చేత కోయించొద్దు. కాడతో కోస్తే పువ్వుతోపాటు ఆ మూడాకులూ పోతాయి. ఆ ఏడాదికి దుంపకి తిండి పెట్టేది ఆ ఆకులే.

ట్రిల్లియంలోనే ఎర్రెర్రగా ఉండే ఎరెక్టమ్ రకాన్ని మాత్రం ముక్కు దగ్గర పెట్టుకోకండి. కుళ్ళిన మాంసం వాసన! దాని పుప్పొడి మోసిపెట్టేది ఈగలే. పసుపు రంగు లూటియమ్ రకానికి నిమ్మ వాసన వస్తుంది, రేకులు విచ్చుకోకుండా నిటారుగా నిలబడి ఉంటాయి. నా ఓటు దానికే.

ఇక్కడి ఇంకో అడవి పువ్వు ట్రౌట్ లిల్లీ సంగతికొస్తే, కడియపులంక మార్కెట్లో కిలోల లెక్కన తూచే లిల్లీలాంటిది కాదిది. ఆకు మీద గోధుమ, ఊదా మచ్చలు, ట్రౌట్ చేప ఒంటి మీద ఉన్నట్టే ఉంటాయి. పసుపు పువ్వు తల కిందికి వేలాడుతుంది, ఎండ తగిలాక రేకులు వెనక్కి తిరుగుతాయి, రాత్రి ముడుచుకుంటాయి. పొద్దున్నే తలుపులు తీయగానే వెళ్తే ముడుచుకున్నవే చూస్తారు, కాస్త ఎండెక్కాక వెళ్ళండి. వందల ఆకులుంటే పువ్వులు పదో పాతికో ఉంటాయి. ఒంటి ఆకుది ఇంకా చిన్న మొక్క, అది పూయదు. రెండాకులు వేసినదే పూస్తుంది. పై చెట్లు ఆకు వేసి నీడ కమ్మేలోపు ఈ మొక్కలన్నీ ఏడాదికి సరిపడా ఎండ తినెయ్యాలి. ట్రౌట్ లిల్లీ అయితే జూన్‌కల్లా పైన ఆకు కూడా మిగలకుండా నేలలోకి వెళ్ళిపోతుంది. ఆగస్టు గురించి పైన ఎందుకన్నానో తెలిసిందిగా.

ఇంటికొచ్చాక ఇవి మన పెరట్లో కూడా పెట్టుకోవాలనిపించడం ఖాయం. అసలు జాగ్రత్త ఇక్కడే. ఆన్‌లైన్లో ఒకచోట ట్రిల్లియం 8 డాలర్లకే అమ్ముతున్నారు. నేను తెప్పించాను. ప్లాస్టిక్ సంచిలో తడి నాచు చుట్టిన వేరుదుంపలు వచ్చాయి, సగం మెత్తబడి ఉన్నాయి. వసంతంలో ఒక్కటీ పైకి రాలేదు. కస్టమర్ కేర్‌కి మెయిల్ పెడితే జవాబు లేదు. ఈ సంగతి చెబితే నాన్న రెండు ముక్కల్లో తేల్చేశారు: "ఏడేళ్ళు పెంచిన మొక్కని ఎనిమిది డాలర్లకి ఎవడిస్తాడమ్మా? వాడు పెంచలేదన్నమాట."

అంతే కదా మరి. ట్రిల్లియాలని అడవిలో తవ్వి తెచ్చి అమ్మడం అమెరికాలో పాత జబ్బే. తెలివైన అమ్మకందార్లు "నర్సరీ గ్రోన్" అని రాస్తారు. అడవిలోంచి తెచ్చి కొన్నాళ్ళు కుండీలో ఉంచినా ఆ మాట అబద్ధం కాదు. మీరు చూడాల్సింది "నర్సరీ ప్రాపగేటెడ్" అన్న మాట, అంటే విత్తనం నుంచో దుంప విభజించో నర్సరీలోనే చేసినది. తర్వాత నేను పెన్సిల్వేనియాలో స్థానిక మొక్కలు అమ్మే చిన్న నర్సరీలో కుండీతో సహా కొన్నాను. 20 డాలర్ల పైనే పడింది, అయినా పువ్వు చూశాను. మేపుల్ చెట్టు కింద, కుళ్ళిన ఆకులు బాగా కలిపిన మట్టిలో పెట్టి, చుట్టూ కోళ్ళకి వేసే ఇనుప వల కట్టాను. వల లేకపోతే జింకలు పువ్వూ ఆకూ కలిపి ఒకే కొరుకులో లాగించేస్తాయి.

అంత ఓపిక లేనివాళ్ళకి "పగోడా" అనే ఎరిత్రోనియం ఉంది. పడమటి తీరపు రకాలు కలిపి చేసిన సంకరం, ట్రౌట్ లిల్లీకి చుట్టం. దుంపలు శరదృతువులో అమ్ముతారు, ధర కూడా తేలిక. ఒక్కో కాడకి రెండు మూడు పసుపు పువ్వులైనా వస్తాయి. రాగానే నాటేయండి. ఉల్లిపాయకున్నట్టు దీనికి పొర ఉండదు, గ్యారేజీలో వదిలేస్తే ఎండిపోతుంది. మన ట్రౌట్ లిల్లీ నాజూకు దీనికి లేదు, పెరటికి మాత్రం ఇదే నయం.

మళ్ళీ మౌంట్ క్యూబా విషయానికి: అడవి దారుల్లో వాలు ఎక్కువ, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి చేతికర్ర ఇవ్వండి. చీరలకీ చెప్పులకీ కాకుండా బూట్లకి ఓటెయ్యండి, వాన పడితే జారుతుంది. వారంలో అన్ని రోజులూ తెరవరు కాబట్టి బయల్దేరేముందు చూసుకోండి. తక్కువ జనం కావాలంటే వారాంతం వదిలేసి వెళ్ళండి.