పన్ను తీయించడానికి వెళ్తే ముందు మందుల చీటీ అడిగారు

మా నాన్నగారికి దవడ పన్ను తీయించాలని మా కాలనీలోని పళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. నోరు తెరవమనకముందే బీపీ చూసి, ఏ మందులు వాడుతున్నారు, పెన్సిలిన్ పడుతుందా అని అన్నీ అడిగి రాసుకున్నారు. స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా వాడుతున్న ఆస్పిరిన్‌ని పన్ను కోసం ఆపేద్దామా అని ఇంట్లో రెండు రోజులుగా తర్జనభర్జన పడుతున్నాం. "సొంతంగా ఆపకండి, రక్తం సంగతి నేను చూసుకుంటాను" అన్నారు, అన్నట్టే కుట్టు వేసి గాజుగుడ్డ కరిచి పట్టుకోమన్నారు, ఆగిపోయింది.

అసలు టెన్షన్ అంతకు ముందే. మత్తు ఇంజెక్షన్ ఇవ్వగానే నాన్నగారి ముఖం పాలిపోయి ఒళ్లంతా చెమటలు, నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆవిడ కంగారు పడకుండా కుర్చీ వెనక్కి వాల్చి, కాళ్లు ఎత్తించి, నాడి, షుగర్ చూశారు. నర్సు ఆక్సిజన్, ఎమర్జెన్సీ మందుల డబ్బా తెచ్చి పక్కన పెట్టింది. డబ్బా మూత మీద ఒక్కో మందు ఎక్స్‌పైరీ తేదీ పెన్నుతో రాసిన కాగితం అతికించి ఉంది, అది చూశాకే నాకు ధైర్యం వచ్చింది. కాసేపటికే తేరుకున్నారు.

నొప్పికి ఇబుప్రోఫెన్ వద్దు, ఆస్పిరిన్‌తో కలిస్తే రక్తస్రావం ఎక్కువవుతుంది, పారాసెటమాల్ చాలన్నారు. నేనే యాంటీబయాటిక్ అడిగితే, ఇన్ఫెక్షన్ లేదుగా, ఎందుకని రాయలేదు. గంటన్నర వెయిటింగ్ మాత్రం తప్పదు, పొద్దున్నే వెళ్లండి.