మ్యుస్కదే స్యుర్ లీ: చేపలూ రొయ్యలూ ఉన్న పూట తీసుకోవాల్సిన తెల్ల వైన్

ఫ్రెంచ్ డ్రై వైట్, అంటే తీపి లేని తెల్ల వైన్ అనగానే చాలామంది చెయ్యి షాబ్లీ అనే ఖరీదైన రకం మీదకే పోతుంది. వండేది చేపలూ, రొయ్యలే అయితే అంత ఖర్చక్కర్లేదు. లువార్ నది సముద్రంలో కలిసే వైపు, నాంత్ ఊరి చుట్టుపక్కల తయారయ్యే మ్యుస్కదే చాలు. లేబుల్ మీద ‘సెవ్ర్ ఎ మేన్’ (అక్కడి ఒక ప్రాంతం పేరు), దానితోపాటు ‘స్యుర్ లీ’ అని ఉన్న సీసా చూసి తీసుకోండి. ఆ రెండోది లేనివి తరచూ మరీ పల్చగా ఉంటాయి.

స్యుర్ లీ అంటే, పులిశాక అడుగున దిగిన ఈస్ట్ మడ్డి మీదే వైన్‌ని చలికాలమంతా వదిలేయడం. మడ్డి గాలి సోకకుండా కాపాడుతుంది, కాస్త చిక్కదనమూ ఇస్తుంది. కోత మరుసటి ఏడాది మార్చి 1కి ముందు సీసాల్లో నింపకూడదని నిబంధన. తాగేటప్పుడు నాలుక మీద చిన్న చురుకు తగిలితే అది మిగిలిపోయిన గ్యాస్, లోపం కాదు. నిమ్మతొక్క, పచ్చి యాపిల్ వాసన, చివర్లో లేత ఉప్పదనం. ఆల్కహాల్ 12 శాతం దరిదాపుల్లోనే. తీపి అస్సలుండదు, పేరు పోలిక చూసి తియ్యటి మస్కట్ వైన్ అనుకుని కొంటే నిరాశే.

దీనికి అసలు జోడీ పచ్చి ఆయిస్టర్లు, అంటే సముద్రపు గుల్లలు. ఆ తర్వాత నాంత్ వాళ్ల బ్యోర్ బ్లాఁ అనే వెన్న సాస్‌తో వండిన చేప. ఆ సాస్ చేసే తీరు ఇదీ. రెండు చిన్న ఉల్లిపాయలు సన్నగా తరిగి, 50 మి.లీ. ఇదే వైను, 50 మి.లీ. వెనిగర్‌లో రెండు చెంచాలు మిగిలేదాకా మరిగించాలి. మంట బాగా తగ్గించి, ఫ్రిజ్‌లోంచి తీసిన 150 గ్రాముల వెన్నను ముక్కలు ముక్కలుగా వేస్తూ తిప్పాలి. ఒక్క ఉడుకు వచ్చిందా, వెన్న విరిగి నూనె తేలుతుంది. విరిగే సూచన కనబడగానే పొయ్యి మీంచి దించి, చల్లని వెన్నముక్క ఒకటి వేసి గబగబా గిలకొట్టండి.

లువార్‌లో ఈ సాస్‌తో తినే అలోజ్ అనే చేప మన పులసకు దగ్గరి చుట్టమే. అదీ సముద్రం నుంచి నదికి ఎదురీదే చేపే, ముళ్లూ అన్నే. అలాగని పులస పులుసుకి మ్యుస్కదే పెట్టకండి. చింతపండు పులుపు, కారం ముందు వైన్ నీళ్లయిపోతుంది. ఉప్పు, పసుపు, కాస్త మిరియం రాసి వేయించిన చేపకి, నిమ్మరసం పిండిన రొయ్యల వేపుడుకి మాత్రం భేషుగ్గా కుదురుతుంది. కారం సగానికి తగ్గించండి, అంతే. మేకపాల చీజ్ ఉంటే అదీ బాగుంటుంది. తీపి వంటకాల పక్కన పుల్లగా, కటువుగా మారుతుంది.

వడ్డించేటప్పుడు 8 నుంచి 10 డిగ్రీలు ఉండాలి. ఐసు కలిపిన నీళ్లలో 20 నిమిషాలు ముంచితే సరి. మరీ గడ్డకట్టేంత చల్లబరిస్తే వాసన చచ్చిపోతుంది, పులుపే మిగులుతుంది.

మన ఎండలకి షాపులో ఏసీ లేని అరలో నిలబెట్టిన పాత సీసా వద్దు. గ్లాసులో లేత ఆకుపచ్చ ఛాయ కనిపించాలి. ముదురు పసుపుకి తిరిగి, కోసి పెట్టిన యాపిల్ వాసన వస్తే వేడికీ గాలికీ పాడైనట్టే. క్లిసన్, గోర్జ్ అనే ఊళ్ల పేర్లున్న మ్యుస్కదే సీసాలకి మాత్రం వయసు మంచిదే. వాటిని కనీసం 24 నెలలు మడ్డి మీద ఉంచుతారు, ధర కూడా ఎక్కువే, వెన్న దండిగా పడిన వంటకి తట్టుకుంటాయి. మామూలు సీసా తెరిచాక ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు, అంతకు మించి ఆగదు.