పిల్లలకు రుతువులు తెలియాలంటే ఏది మేలు: ఒకే చెట్టా, కుండీలా, షికార్లా?

ఐదు నుంచి పదేళ్ళ పిల్లలకు ప్రకృతిని పరిచయం చేయాలనుకునే తల్లిదండ్రులు, టీచర్లు మామూలుగా మూడింటిలో ఒకటి పట్టుకుంటారు: ఇంటి దగ్గరి చెట్టును ఏడాదంతా గమనింపజేయడం, కుండీల్లో విత్తనాలు వేయించడం, సెలవు రోజున చెరువుకో పార్కుకో తీసుకెళ్ళడం. మూడూ మంచివే అని ఊరుకుంటే ఎవరికీ ఉపయోగం లేదు. కాలం మారడం పిల్లలకు కనబడాలంటే చూసినదాన్నే మళ్ళీ మళ్ళీ చూడాలి. ఆ లెక్కన మొదటి స్థానం చెట్టుదే.

అందులోనూ వేప. తెలుగు నేల మీద దొరకని ఊరు దాదాపు లేదు, పైగా దాని మార్పులు పిల్లలకు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఫిబ్రవరి ప్రాంతంలో ఆకు రాలుస్తుంది. మార్చిలో రాగిరంగు చిగురు, ఉగాది రోజులకు పూత, ఆ తర్వాత పచ్చికాయలు, జూన్, జూలైల్లో పసుపు పండ్లు. వాటి కోసం కోయిలలు, పిగిలిపిట్టలు దిగుతాయి.

బడికి వెళ్ళే దారిలో ఉన్న చెట్టునే ఎంచుకోండి. దూరంగా ఉన్నదాని దగ్గరికి మూడో వారం ఎవరూ వెళ్ళరు. పిల్లల కంటికి అందే కొమ్మకు గుడ్డపీలిక వదులుగా కట్టండి, మేకు మాత్రం కొట్టొద్దు. వారంలో ఒకే రోజు, పది నిమిషాలు చాలు. నోటుబుక్కులో ఐదు గళ్ళు గీయించండి: చిగురు, ముదురాకు, పూత, పచ్చికాయ, పండు. ఒక్కోదానికి మూడే జవాబులు: లేదు, కొంచెం, చాలా. దేశవ్యాప్తంగా నడుస్తున్న సీజన్‌వాచ్ కార్యక్రమంలోనూ పిల్లలు ఈ తరహాలోనే నమోదు చేస్తారు. పూలు లెక్కపెట్టమంటే రెండో వారానికే విసుగొస్తుంది.

చెడేది ఎక్కువగా చెట్టు ఎంపికలోనే. డివైడర్ల మీద పెంచే కోనోకార్పస్ ఏడాది పొడవునా ఒకేలా పచ్చగా ఉంటుంది, పిల్లలకు చూడ్డానికి ఏమీ మిగలదు. కరెంటు తీగల కింది చెట్టయితే సరిగ్గా పూతకొచ్చే వేళకు కొమ్మలు కొట్టేస్తారు. ఇక ఆగస్టు నుంచి జనవరి దాకా వేపలో పెద్ద మార్పుండదు. ఆ నెలల్లో నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున మొదలు చుట్టుకొలత దారంతో కొలిపించండి, బెరడు మీద చీమల బారు ఎటు పోతోందో వెతికించండి.

మూడు, నాలుగేళ్ళ పిల్లలకైతే ముందు కుండీయే. వాళ్ళకు వారం అంటే చాలా దూరం. మెంతులు మూడు, నాలుగు రోజుల్లో మొలకెత్తుతాయి, నెల తిరక్కముందే పప్పులోకి కూర వస్తుంది. ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు సమపాళ్ళలో కలపండి. కుండీ అడుగున చిల్లులుండాలి. గింజను దాని మందానికి రెండింతల లోతుకు మించి పూడ్చొద్దు. కుండీలు చనిపోయేది ఎక్కువగా పిల్లల ప్రేమ వల్లే, దాటిన ప్రతిసారీ నీళ్ళు పోస్తారు. వేలు మొదటి కణుపు దాకా గుచ్చి, తడి తగలకపోతేనే పోయమని నేర్పండి. జూలై ముసురులో వేసిన మెంతికి నారుకుళ్ళు పట్టి మొలకలు మొదట్లోనే వాలిపోతాయి, నవంబరులో వేసింది ఏపుగా వస్తుంది. రెండూ వేయించి చూపించండి.

పాదు చిక్కుడు ఇంకా మంచి పాఠం. పాత నాటు రకాన్ని ఒక కుండీలో జూన్‌లో, మరో కుండీలో ఆగస్టులో వేయండి. వయసులో రెండు నెలలు తేడా ఉన్నా, పగటి పొద్దు తగ్గాకే రెండూ పూతకొస్తాయి, దాదాపు ఒకే సమయంలో. చలికాలంలో పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగుల గుంపు) పడితే వెంటనే మందు కొట్టకండి. దాన్ని తినడానికి అక్షింతల పురుగులు (లేడీబర్డ్‌లు) వస్తాయి, పిల్లలకు అదే అసలు వినోదం. కుండీల బలహీనత వేసవి. అమ్మమ్మగారింట్లో పదిహేను రోజులుండి వచ్చేసరికి డాబా మీద అన్నీ ఎండిపోయి ఉంటాయి.

షికార్ల సంగతి క్లుప్తంగా. పులికాట్‌లో ఫ్లెమింగోలను, నేలపట్టులో గూడబాతులను చలికాలంలో చూడాల్సిందే. కానీ ఒక్కసారి చూసిన చోటు సంబరమే తప్ప రుతువు నేర్పదు. ఊరి చెరువుకే మేలో, ఆగస్టులో, డిసెంబరులో తీసుకెళ్ళండి. బీటలువారిన మట్టి, కొత్త నీరు, వలస బాతులు ఒకే గట్టు మీంచి కనిపిస్తాయి. తొలకరి పడ్డ మర్నాడు పొలం గట్ల మీద, ఇసుక నేలల్లో ఆరుద్ర పురుగులు దొరుకుతాయి. అరచేతిలో నడిపించి, మళ్ళీ అక్కడే వదిలేయాలి, అగ్గిపెట్టెలో దాచనివ్వొద్దు. ఎండాకాలంలో ఉదయం ఎనిమిదిలోపే తిరిగి రండి. ఉరుము వినబడితే చెట్టు కింద ఆగకుండా లోపలికి వెళ్ళి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి.

మూడూ కలపాలంటే చెట్టు వారం వారం, కుండీలు రెండో మూడో, చెరువు ఏడాదికి మూడుసార్లు. మొదలుపెట్టడానికి బడి తెరిచే జూన్ అన్నిటికన్నా అనువైన నెల. వేపపండ్లు రాలుతుంటాయి, మొదటి వారమే గడిలో ‘చాలా’ అని రాసుకోవచ్చు. వేపగింజకు మొలకెత్తే శక్తి కొద్ది వారాల్లోనే తగ్గిపోతుంది కాబట్టి, ఏరిన పండ్ల గుజ్జు కడిగి ఆ వారమే ఒక కుండీలో వేయించండి. సెప్టెంబరులో మొదలుపెడితే చాలాకాలం ముదురాకు తప్ప ఏమీ కనబడదు, చిగురు రాకముందే పిల్లలు నోటుబుక్కు పక్కన పడేస్తారు.