ఆగని బండికి పంపు మార్పించాలా? రామ్ 2500 డీజిల్, 76 వేల మైళ్ళ తర్వాత

మా ఇంటి ముందున్నది 2019 మోడల్ రామ్ 2500 పికప్పు ట్రక్కు, కమిన్స్ 6.7 లీటర్ల డీజిల్ ఇంజిన్. ఈ నెలతో లక్షా 17 వేల మైళ్ళు దాటింది. 41 వేల దగ్గర రికాల్ (తయారీ లోపం ఉందని కంపెనీయే బళ్ళని వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేయడం) కింద హైప్రెషర్ ఫ్యూయల్ పంపు మార్పించాను. అంటే మార్చిన పంపు మీద 76 వేల మైళ్ళు తిరిగాక రాస్తున్నాను. 'బండి బాగానే నడుస్తోంది కదా, విప్పించడం ఎందుకు' అని ఏడు నెలలు నానబెట్టినవాణ్ణి నేను. ఆ రికాల్ ఉత్తరం ఇంకా ఫ్రిజ్ మీదే పెట్టుకున్నవాళ్ళ టెన్షన్ నాకు బాగా తెలుసు.

వారమంతా కంప్యూటర్ ఉద్యోగం, శని ఆదివారాలు మేకలు. డాలస్‌కి ఉత్తరాన పన్నెండెకరాల గడ్డినేల, అందులో అరవై దాకా బోయర్ మేకలు, మాంసానికి పెంచే జాతి. దసరాకి, ఉగాది మర్నాటికి మనవాళ్ళ ఫోన్లు ఆగవు. బోయర్ మాంసం కూరకి పనికిరాదని వాదించేవాళ్ళూ ఉన్నారు, ఆ గొడవ ఇంకోసారి. ఏడాదికి నాలుగైదుసార్లు శాన్ ఏంజెలో సంతకి వెళ్తాను. గొర్రెలకీ మేకలకీ అమెరికా మొత్తంలో పేరున్న సంత అది. నాలుగున్నర గంటల దారి, వెనక పదహారడుగుల ట్రెయిలర్, అందులో పాతిక ముప్ఫై జీవాలు. 'దారిలో బండి ఆగితే ఏమవుతుంది' అని అడిగితే నేను చెప్పే జవాబు, రోజూ ఆఫీసుకి వెళ్ళొచ్చేవాడు చెప్పే జవాబు ఒకటి కాదు.

రికాల్ వచ్చింది 2021 నవంబరులో. 2019, 2020 మోడళ్ళలో ఈ ఇంజిన్ ఉన్న హెవీ డ్యూటీ రామ్ ట్రక్కులు, మొత్తం 2 లక్షల 22 వేల పైచిలుకు. పంపు లోపల అరిగిపోయి ఇంజిన్ నడుస్తూ నడుస్తూ ఆగిపోవచ్చన్నది కారణం. 2019కి ముందు ఈ ఇంజిన్‌కి సీపీ3 అనే పంపు ఉండేది. ఆ ఏడాది సీపీ4కి మారారు. 2021 మోడల్‌కల్లా మళ్ళీ సీపీ3కే వచ్చేశారు. రికాల్‌లో చేసేదీ అదే: సీపీ4 తీసేసి సీపీ3 బిగించి, ఇంజిన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మారుస్తారు. అవసరమైతే ఇంధన వ్యవస్థలో మిగతా భాగాలు కూడా చూసి మారుస్తారు. చేసినవాళ్ళే పాత పంపుకి తిరిగి వెళ్ళారంటే మనం ఇంకా ఆలోచించేది ఏముంది? కానీ నేను ఆలోచించాను.

ఈ పంపుతో చిక్కేమిటో అర్థం కాకపోతే నిర్ణయం కుదరదు. ట్యాంకులో ఉన్న చిన్న కరెంటు పంపు డీజిల్‌ని ఫిల్టర్ల గుండా ముందుకి తోస్తుంది. హైప్రెషర్ పంపు దాన్ని రెండు వేల బార్ ఒత్తిడి దాకా నొక్కి రెయిల్ అనే గొట్టంలోకి పంపుతుంది. అక్కణ్ణుంచి ఇంజెక్టర్లు తీసుకుని ఇంజిన్‌లోకి చిమ్ముతాయి. ఈ పంపుకి వేరే ఆయిల్ అంటూ ఉండదు, లోపల ఒరుసుకునే భాగాలకి ఆ డీజిలే నూనె. సీపీ4లో క్యామ్ (తిరిగే ఇరుసు మీది ఉబ్బు) మీద దొర్లే రోలర్ ఒకటి ఉంటుంది. దాన్ని పట్టుకున్న గిన్నె ఎప్పుడైనా పక్కకి తిరిగిందా, దొర్లాల్సిన రోలర్ క్యామ్‌ని గీకడం మొదలుపెడుతుంది. బండి ముందుకి పోతుంటే చక్రం అడ్డం తిరిగి రోడ్డుని ఈడ్చుకుపోయినట్టు అన్నమాట. గీకినకొద్దీ ఇనప పొడి రాలుతుంది. ఆ పొడి రెయిల్‌లోకి, ఇంజెక్టర్లలోకి, రిటర్న్ పైపులో పడి ట్యాంకులోకి కూడా పోతుంది. పంపు పోతూ పోతూ ట్యాంకు నుంచి ఇంజెక్టర్ల దాకా అన్నిటినీ తీసుకుపోతుంది. అప్పుడు రిపేరు బిల్లు పది వేల డాలర్లు దాటుతుంది.

పైగా అమెరికా డీజిల్‌కి జారుడు గుణం తక్కువ. గంధకం తీసేసే ప్రాసెస్‌లో అది కూడా కొంత పోతుంది, దాన్ని మళ్ళీ మందు కలిపి తెస్తారు. డీజిల్‌లో ఇనుము మీద ఇనుము రుద్ది చూసే అరుగుదల పరీక్షలో పడే గాటు యూరప్‌లో 460 మైక్రాన్లు దాటకూడదు, ఇక్కడ 520 దాకా ఒప్పుకుంటారు. ఆ తేడా చిన్నదిగానే కనిపిస్తుంది కానీ డీజిలే నూనె అయిన పంపుకి చిన్నది కాదు.

ఇదంతా నాన్నకి వీడియో కాల్‌లో చెప్పాను. సత్తెనపల్లి దగ్గర ముప్ఫై ఏళ్ళు ట్రాక్టర్ నడిపించినవాడు. డీజిల్ అయిపోయి గాలి పడితే చేత్తో పంపు కొట్టి ఎయిర్ తీయడం, పంపు మొరాయిస్తే విప్పి గోనెసంచిలో చుట్టి నరసరావుపేట పంపు షాపుకి మోసుకెళ్ళడం ఆయనకి అలవాటైన పనులు.

"నడిచే ఇంజిన్‌లో వేలు పెట్టనియ్యమాకరా. ముందు ఫిల్టర్ విప్పి చూడు. మెరుపులు లేకపోతే పంపు శుభ్రంగా ఉన్నట్టే" అన్నాడు.

సరేనని శనివారం పొద్దున్నే బండి కింద దూరాను. ఈ ట్రక్కుకి డీజిల్ ఫిల్టర్లు రెండు: ఇంజిన్ మీద ఒకటి, కింద ఫ్రేముకి ఒకటి. కింది దాన్ని విప్పి, అందులో డీజిలంతా అమ్మ ఇడ్లీపిండికి వాడే స్టీలు గిన్నెలోకి వంచాను. (ఆ గిన్నె మళ్ళీ వంటింటి గడప తొక్కలేదు.) ఫోన్ లైటు వేసి గిన్నెని మెల్లగా తిప్పితే అడుగున ఆవగింజలో సగం నలుసులు రెండు తిరిగాయి. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి గిన్నెలో ముంచి దగ్గరికి తీసుకెళ్ళాను. కదల్లేదు. ఫిల్టర్ కాగితాన్ని బ్లేడుతో కోసి, మడతలు విప్పి, తెల్ల టిష్యూ మీద ఎండలో ఆరబెట్టి చూశాను. ఎక్కడా జరీ పొడిలాంటి మెరుపు లేదు. ఆ రెండు రోజులు హాయిగా నిద్రపోయాను.

మూడో రోజు స్నానం చేస్తుంటే తట్టింది. ఫిల్టర్ ఉన్నది పంపుకి ముందు. పంపులో పుట్టిన పొడి ముందుకే పోతుంది గానీ వెనక్కి రాదు. అది ఫిల్టర్‌లో చిక్కాలంటే రిటర్న్ పైపులో ట్యాంకుకి చేరి, మళ్ళీ అక్కణ్ణుంచి బయల్దేరాలి. ఫిల్టర్‌లో మెరుపు కనపడే వేళకి ఇంజెక్టర్ల పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది. అంటే నేను చూసింది పంపు ఆరోగ్యం కాదు, పెట్రోలు బంకు వాడు పోసిన డీజిల్ శుభ్రత. నాన్నకి ఫోన్ చేస్తే కాసేపు ఆలోచించి, "అవున్రా, మన ట్రాక్టరుకీ ఫిల్టర్ ముందే గదా ఉండేది" అన్నాడు. అయినా విప్పించమని మాత్రం అనలేదు.

ఇక మిగిలినవి నా సాకులు. ఇంజిన్ వారంటీ ఐదేళ్ళు లేదా లక్ష మైళ్ళు ఉంది, పోతే వాళ్ళే చేస్తారులే అనుకున్నాను. పైగా ఇక్కడి చట్టం ప్రకారం బండి మొదటిసారి అమ్మిన నాటినుంచి పదిహేనేళ్ళ దాకా రికాల్ పని ఉచితం, తొందరేముంది అనుకున్నాను. పంపు పొడి ఇంజెక్టర్లకి పోకుండా ట్యాంకుకి మళ్ళించే కిట్లు బయట దొరుకుతాయి, కొన్ని వందల డాలర్లు. అది బిగిద్దామా అని కూడా చూశాను. కానీ ఆ కిట్టు కాపాడేది జేబునే. పంపు పోతే బండి ఎలాగూ రోడ్డు మధ్యలో ఆగుతుంది.

ఈ లెక్కలన్నీ జూన్‌లో ఒక మధ్యాహ్నం తేలిపోయాయి. సంతనుంచి ఇరవై ఆరు మేకపిల్లలతో వస్తున్నాను. బ్రౌన్‌వుడ్ దాటాక రెండు వరసల రోడ్డు, పక్కన బండి ఆపుకునే జాగా అంతంతమాత్రం. ముందు ఒక పికప్పు టైరు పేలి, సగం రోడ్డు మీద, సగం గడ్డిలో నిలబడి ఉంది. దాని వెనక ఆవుల ట్రెయిలర్. ఆ పెద్దాయన టోపీతో ఆవులకి విసురుతున్నాడు. బయట 104 డిగ్రీల ఫారెన్‌హీట్. నా దగ్గరున్న నీళ్ళ క్యాన్లు రెండూ ఆయనకి దింపి వచ్చాను. వారంటీ కంపెనీ బిల్లు కడుతుందేమో గానీ ఆ ఎండలో నా మేకపిల్లల్ని ఎవరు కాపాడతారు? సోమవారం పొద్దున సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేశాను.

మాకు దగ్గర్లో ఉన్న సర్వీస్ సెంటర్‌లో పంపు లేదు, ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. నలభై మైళ్ళ అవతల ఇంకోచోట దొరికింది, రెండు రోజుల పని అన్నారు. బండి అప్పగించేటప్పుడు ఒకే ఒక మాట అడిగాను: పాత పంపు తీసినప్పుడు లోపల ఇనప పొడి కనిపించిందా లేదా అన్నది రిపేర్ ఆర్డర్ మీద రాసివ్వండి, రెండు ఫొటోలు కూడా. అక్కడి అబ్బాయి వింతగా చూశాడు కానీ రాసిచ్చాడు. పొడి లేదు. ఈ కాగితం ఎందుకంటే, ఇప్పటికే పొడి చేరిన బండికి పంపు ఒక్కటి మార్చి ఊరుకుంటే కొత్త పంపు తప్పేమీ లేకుండానే ఇంజెక్టర్లు తర్వాత ప్రాణం తీస్తాయి. మీరు వెళ్తే ఆ మాట రాయించుకోకుండా బండి తెచ్చుకోకండి.

ఇంటికొచ్చిన మూడో రోజు గ్యారేజీలో డీజిల్ వాసన. ఒక పైపు బిగింపు దగ్గర చెమట పట్టినట్టు తడి. మళ్ళీ నలభై మైళ్ళు. పైపు మార్చి, క్షమించమని అడిగి పంపించారు. నాన్న మాట విని ఉండాల్సింది అనిపించిన రోజు అదొక్కటే.

ఆ తర్వాతి సంగతి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, నాకు కావలసిందీ అదే. చలిలో స్టార్ట్ చేస్తే మొదటి నిమిషం కాస్త ఎక్కువ టకటకమంటుంది, వేడెక్కాక పాత శబ్దమే. మైలేజీ నేను ప్రతిసారీ ట్యాంకు నింపి పుస్తకంలో రాసుకుంటాను. ఖాళీ బండితో హైవే మీద గాలన్‌కి 18.5 వచ్చేది, ఇప్పుడు 18 చుట్టూ వస్తోంది. ట్రెయిలర్‌తో అప్పుడూ పదకొండే, ఇప్పుడూ పదకొండే. ఆ అర మైలు సాఫ్ట్‌వేర్ తిన్నదా, టైర్లు మార్చడం వల్లనా తేల్చలేను, దానికోసం గొడవపడను కూడా. లాగే బలంలో తేడా నాకు తెలియలేదు. పదిహేను వేల మైళ్ళకి రెండు ఫిల్టర్లూ మారుస్తాను. లారీలు ఎక్కువగా ఆగే బంకుల్లోనే పోయిస్తాను, సరుకు నిలవ ఉండదు కాబట్టి. జారుడు గుణం పెంచే మందు ఒక సీసా కలుపుతాను, అది సీపీ3కి అంత అవసరం కాకపోయినా చేయి ఊరుకోదు.

నాన్న ఈమధ్య అడిగాడు, "మనకాడ కూడా ఇట్టా పిలిచి ఊరికే మారుస్తారా?" అని. 2021 ఏప్రిల్ నుంచి మన దేశంలోనూ రికాల్ నిబంధనలు అమల్లోకొచ్చాయి, ఏడేళ్ళ లోపు బళ్ళకి వర్తిస్తాయని చెప్పాను. "అయితే నా ట్రాక్టరు తాతల కాలందిలే" అని నవ్వాడు.

పోయిన నెల మా ఊళ్ళోనే ఒక తెలుగు కుర్రాడు సెకండ్ హ్యాండ్‌లో 2020 మోడల్ చూసుకుని, "అన్నా, ఒకసారి వచ్చి చూడవా" అన్నాడు. బండి తళతళలాడుతోంది, 62 వేల మైళ్ళే తిరిగింది. బానెట్ ఎత్తకముందే బండి నంబరు కాదు, వీఐఎన్ నంబరు (తయారుచేసేటప్పుడే ప్రతి బండికీ వేసే గుర్తింపు) అడిగి ప్రభుత్వ రికాల్ సైట్‌లో కొట్టాను. పంపు పని ఇంకా పెండింగ్‌లోనే ఉంది. అమ్మేవాడు "నాలుగేళ్ళుగా ఏమీ కాలేదు కదా" అన్నాడు. ఏడు నెలలు నేను అన్న మాటే. కుర్రాడు పంపు మార్పించి, పొడి లేదన్న కాగితం చేతికొచ్చాకే డబ్బిచ్చాడు. దానికి అమ్మేవాడు మూడు వారాలు గొణుక్కున్నాడు.